భుజం దాటిన చేయి

ఆ మధ్యాహ్నం నా ఫోన్‌లో 43 ఫోటోలు చేరాయి. స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్ళో, సముద్రం ఒడ్డున, ఇద్దరు తెలుగు ఆడవాళ్ళం 18 హోల్స్ గోల్ఫ్ ఆడుతూ తీసుకున్న ఫోటోలవి. నేను ఒక సదస్సుకి వెళ్ళాను. పత్రం చదవడం అయిపోయాక ఇంకా ఒకటిన్నర రోజు మిగిలింది. నా స్నేహితురాలు ఆ దేశంలోనే పాఠాలు చెబుతోంది. ఇద్దరికీ గోల్ఫ్ రాదు. మేము ఆడినచోట రానక్కరలేదు కూడా. కొద్దిపాటి రుసుము కడితే ఒక పొట్టి కర్ర, ఒక బంతి చేతికిస్తారు. బంతిని గడ్డి మీద దొర్లిస్తూ ఒక్కో గుంటలో వేసుకుంటూ పోవడమే. దూరంగా కొట్టడం ఉండదు. పిల్లలూ ముసలివాళ్ళూ అందరూ ఆడతారు.

ఆ పచ్చిక పేరు 'హిమాలయాస్'. ఇసుక దిబ్బల మీద గడ్డి పెరిగి ఏర్పడిన ఎత్తుపల్లాలవి. వాటికి ఆ పేరు చూసి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఏ మిట్ట కనపడినా హిమాలయం గుర్తొచ్చేంతగా మన దేశం వాళ్ళ మాటల్లోకి ఎప్పుడు, ఎలా వెళ్ళిందో తెలిసినదే కదా అనిపించింది. ప్రెస్ట్‌విక్ అనే మరో ఊరి గోల్ఫ్ మైదానంలో కూడా ఒక హోల్‌కి ఇదే పేరుంది.

"ఆగవే, కొట్టకు, ఒక్కటి తీస్తాను" అని అది, "ఈసారి బంతి కూడా పడేలా తియ్యి" అని నేను. మా వెనక ఒక పెద్దావిడ ఇద్దరు మనవలతో ఓపిగ్గా ఎదురుచూస్తోంది. ఆట మధ్యలో ఫోటో తీయకూడదని గోల్ఫ్ నియమాల్లో ఎక్కడా లేదు. ఆలస్యం చేయకూడదని మాత్రం ఉంది. 2019లో మార్చిన నియమావళి ఒక్కో దెబ్బని 40 సెకన్ల లోపు కొట్టమని సిఫారసు చేస్తుంది. మేము ఆ లెక్కన ఎప్పుడో తప్పిపోయాం.

రాత్రి గదిలో ఆ 43 ఫోటోలూ ఒక్కొక్కటే చూస్తుంటే ఒక సంగతి పట్టుకుంది. ఒక్క ఫోటోలో కూడా మా చేతులు నడుము దాటి పైకి లేవలేదు. అన్నింటిలోనూ కొంచెం వంగి, మోచేతులు పొట్టకి ఆనించుకుని, నేల చూస్తూ ఉన్నాం. ఆటే అటువంటిది కాబట్టి అంతేనని వదిలేయచ్చు. కానీ ఆ ఆట అలా ఎందుకుందో, ఆడవాళ్ళకి ఆ స్థలం ఎందుకు దొరికిందో చదివి వెళ్ళినదాన్ని, వదిలెయ్యలేకపోయాను.

ఆ పచ్చిక 1867లో ఏర్పడిన సెయింట్ ఆండ్రూస్ లేడీస్ పటింగ్ క్లబ్బుది. ప్రపంచంలో ఆడవాళ్ళ గోల్ఫ్ క్లబ్బుల్లో అదే పాతది అంటారు. అంతకుముందు ఆ ఊరి పెద్దింటి ఆడవాళ్ళు కేడీలు, అంటే ఆటగాళ్ళ కర్రలు మోసే పనివాళ్ళు, తీరికవేళ ఆడుకునే చిన్న పచ్చిక మీద ఆడేవారు. అది అటు కేడీలకీ ఇటు ఈ మర్యాదస్తులకీ ఇబ్బందయింది. దాంతో ఆడవాళ్ళకి వేరే జాగా చూపించారు. దాన్ని తీర్చిదిద్దినవాడు ఆ కాలపు గోల్ఫ్‌లో అందరికీ తెలిసిన ఓల్డ్ టామ్ మోరిస్. స్థాపించుకున్నవాళ్ళ ఉత్సాహాన్ని తక్కువ చేయను. అయితే పక్కనే ఓల్డ్ కోర్స్ మైళ్ళ పొడవున పరుచుకుని ఉండగా, ఆడవాళ్ళకి దొర్లించుకునే ఆట మాత్రమే ఎందుకిచ్చారు? కర్రని భుజం దాటి వెనక్కి ఎత్తడం స్త్రీకి తగదని అప్పటి మర్యాద. పటింగ్‌లో కర్ర ఎత్తే పనిలేదు. అంటే ఆ పచ్చిక ఒక కానుకా, ఒక హద్దూ కూడా.

ఈ మర్యాదని అచ్చులో పెట్టినవాడు లార్డ్ వెల్‌వుడ్. 1890లో వచ్చిన బాడ్మింటన్ లైబ్రరీ గోల్ఫ్ పుస్తకంలో ఆయన ఆడవాళ్ళ ఆట గురించి రాస్తూ, బంతిని 70, 80 గజాలకి మించి కొట్టకుండా ఉంటే మంచిదన్నాడు. కారణం బలం లేకపోవడం కాదట. అంతకంటే దూరం కొట్టాలంటే కర్ర భుజం మీదికి లేవాలి, స్త్రీల దుస్తుల్లో ఆ భంగిమ అందంగా ఉండదు, అదీ ఆయన అభ్యంతరం. ఆజ్ఞాపించడం తన ఉద్దేశం కాదని కూడా వినయంగా చెప్పుకున్నాడు.

నేను ఈ వాదన దగ్గర చాలాసేపు ఆగాను. నీకు శక్తి లేదంటే శక్తి చూపించి నోరు మూయించవచ్చు. చూడ్డానికి బాగుండదంటే ఏం చూపించాలి? అక్కడ కొలత ఆడేమనిషి ఒంట్లో లేదు, చూసేవాడి కంట్లో ఉంది. నా ఎనిమిదో తరగతిలో త్రోబాల్ ఆడుతుంటే మా ఆటల టీచరు, ఆవిడా ఆడమనిషే, "చేతులు అంత పైకెత్తకండే, చున్నీలు చూసుకోండి" అని అరిచేది. తలపైనుంచి విసరకుండా త్రోబాల్ ఎలా ఆడాలో ఆవిడ చెప్పలేదు. మాలో సగంమంది ఆ ఏడాదే ఆట మానేశాం. లార్డ్ వెల్‌వుడ్ పేరు మాలో ఎవరికీ తెలియదు, ఆవిడకీ తెలియదు. ఆ చూపు మాత్రం అందరికీ తెలుసు.

స్త్రీలందరి చేతులనీ ఈ మర్యాద ఆపిందా అంటే, లేదు. 1810 డిసెంబరులో ఎడిన్‌బరో దగ్గర మసెల్‌బరో గోల్ఫ్ క్లబ్బు ఒక తీర్మానం చేసింది. చేపలమ్మే ఆడవాళ్ళలో బాగా గోల్ఫ్ ఆడినామెకి ఒక కొత్త చేపలబుట్ట, శాలువా ఇవ్వాలని, వాటికి తోడు రెండు పట్టు రుమాళ్ళు కూడా ఇవ్వాలని. స్త్రీల గోల్ఫ్ పోటీ గురించి దొరికే తొలి రాతల్లో ఇదొకటి. ఆ తీర్మానంలో ఒక్క ఆడమనిషి పేరూ లేదు. బహుమతి కూడా చూడండి: గెలిచినామె మర్నాడు ఎత్తుకోవలసిన బరువే. మణుగుల కొద్దీ చేపలు వీపున మోసుకుని మైళ్ళు నడిచే ఆ మనిషి చేయి భుజం దాటితే ఎవరి కళ్ళూ నొచ్చుకోలేదు. అందంగా ఉండకపోవడం కూడా ఒక హోదా. అది పెద్దింటి ఆడవాళ్ళకే దక్కింది.

ఆ చేపలమ్మే ఆడవాళ్ళు తర్వాత ఫోటోల్లోకి వచ్చారు. సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్‌కి ఎంత పేరున్న ఊరో, తొలినాళ్ళ ఫోటోగ్రఫీకి కూడా అంత పేరున్న ఊరు. టాల్బట్ కనిపెట్టిన కాలోటైప్ పద్ధతికి ఇంగ్లండులో పేటెంటు ఉంది, స్కాట్లండులో లేదు. దాంతో 1840ల మొదట్లో ఈ ఊరి డాక్టర్ జాన్ ఆడమ్సన్ లాంటివాళ్ళు స్వేచ్ఛగా ప్రయోగాలు చేశారు. ఆయన తమ్ముడు రాబర్ట్ 1843లో ఎడిన్‌బరో వెళ్ళి, డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అనే చిత్రకారుడితో కలిసి పనిచేశాడు. న్యూహేవెన్ పల్లెకారు స్త్రీలని వాళ్ళు తీసిన ఫోటోలు ఇప్పటికీ ఫోటోగ్రఫీ చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. వాళ్ళ చీకటిగదిలో జెస్సీ మాన్ అనే సహాయకురాలు పనిచేసేది. 1844లో సాక్సనీ రాజు వచ్చినప్పుడు యజమానులిద్దరూ లేకపోతే ఆమే ఫోటో తీసిందని, ప్రపంచంలో తొలి మహిళా ఫోటోగ్రాఫర్లలో ఆమె ఒకరు కావచ్చునని పరిశోధకులు భావిస్తున్నారు. ఆమె 1867లో చనిపోయింది. అక్కడ ఆడవాళ్ళు తమ పచ్చిక సంపాదించుకున్న సంవత్సరం. ఈ రెండు సంగతులకీ ఏ సంబంధమూ లేదు. అయినా నా నోటుబుక్కులో రెండూ ఒకే పేజీలో పడ్డాయి.

ఆ రోజుల్లో ఫోటో అంటే కదలకుండా ఉండడం. బాగా ఎండకాసినా చాలా సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు పట్టేది. గోల్ఫ్ ఆటగాణ్ణి తీయాలంటే కొట్టేవాడిలా నిలబెట్టాలే తప్ప, కొడుతుండగా తీయడం కుదరదు. చార్లెస్ లీస్ 1847లో పూర్తిచేసిన 'ది గోల్ఫర్స్' అనే పెద్ద తైలవర్ణచిత్రానికి హిల్, ఆడమ్సన్‌ల ఫోటోలు ఆధారమయ్యాయంటారు. సెయింట్ ఆండ్రూస్‌లో ఆట చూడ్డానికి మూగిన పెద్దమనుషులంతా అందులో ఉన్నారు, ఎవరెవరో పేర్లతో సహా చెబుతారు. వాళ్ళ మధ్య జింజర్ బీర్ అమ్మే ఒక అమ్మాయి ఉంది. ఆమె 'జింజర్ బీర్ పిల్ల'.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. 1848 ప్రాంతంలో గోల్ఫ్ బంతి మారింది. అంతవరకు తోలుసంచిలో ఈకలు కూరి చేసే బంతి చాలా ఖరీదు. గట్టాపెర్చా అనే చెట్టుపాలతో చేసిన బంతి వచ్చాక ఆట చవకయి ఎక్కువమందికి అందింది. ఆ చెట్లు మలయా అడవులవి. ఫోటోగ్రాఫర్లు రసాయనాలు పోసుకునే తొట్లు కూడా దాంతోనే చేసేవారు. ఆ తీరంలో కర్ర పట్టినా, కెమెరా పట్టినా వేలమైళ్ళ అవతల ఎవరో ఎక్కిన చెట్టు, నరికిన చెట్టు అందులో ఉంది. హిమాలయాల పేరు ఒక్కటే కాదు అక్కడికి చేరింది.

1890లలో పరిస్థితి మారింది. 1888లో ఈస్ట్‌మన్ కొడక్ పెట్టె బజారులోకి వచ్చింది. వంద బొమ్మలకి సరిపడే చుట్టతో 25 డాలర్లు. అన్నీ తీసేశాక పెట్టె మొత్తం కంపెనీకి పంపితే కడిగి, అచ్చువేసి, కొత్త చుట్ట పెట్టి పంపేవారు. 1893 నుంచి 'కొడక్ గర్ల్' ప్రకటనల్లో కనిపించసాగింది. ఒంటరిగా తిరుగుతూ, కెమెరా చేతపట్టుకుని, హాయిగా ఉన్న యువతి. కెమెరా ఆమె చేతిలో ఉన్నా, ఆ బొమ్మని గీసింది ఆమెని మనం చూడ్డానికే. 1900లో ఒక్క డాలరుకి బ్రౌనీ వచ్చింది. కెమెరా నొక్కడానికి భుజం ఎత్తనక్కరలేదు, పొట్ట దగ్గర పట్టుకుని వంగి చూస్తే చాలు. ఆడవాళ్ళు కెమెరా పడితే అందం చెడుతుందని ఎవరూ పెద్దగా బాధపడకపోవడానికి ఇదీ ఒక కారణమేమో అని నా అనుమానం.

సరిగ్గా 1893లోనే లేడీస్ గోల్ఫ్ యూనియన్ ఏర్పడింది. ఆడవాళ్ళు ఇటువంటి సంఘాలు నడపలేరు, వద్దు, అని హొరేస్ హచిన్సన్ అనే పేరున్న ఆటగాడు ముందే ఉత్తరం రాశాడు. వాళ్ళు వినలేదు. ఇసెట్ పియర్సన్ కార్యదర్శిగా పనిచేసింది. ఆ ఏడాదే మొదటి ఛాంపియన్‌షిప్ పెట్టారు. ఫైనల్లో పియర్సన్‌ని ఓడించి గెలిచింది లేడీ మార్గరెట్ స్కాట్. అప్పటికి ఆమెకి ఇంకా 20 ఏళ్ళు రాలేదు. 1894లో గెలిచింది, 1895లో గెలిచింది, తర్వాత పోటీలు మానేసింది.

లేడీ మార్గరెట్ ఫోటో ఒకటి గోల్ఫ్ చరిత్రల్లో తరచు కనిపిస్తుంది. మెడదాకా గట్టి కాలరు, ఉబ్బిన చేతులు, నేలదాకా గౌను. చేతులు భుజాలు దాటి తలమీదికి లేచి, కర్ర వీపు వెనక్కి వాలి ఉంటుంది. వెల్‌వుడ్ ఏ దుస్తుల్లో ఏ భంగిమ బాగుండదన్నాడో, ఆ దుస్తుల్లో ఆ భంగిమ. ఆయన పుస్తకం వచ్చి అప్పటికి నాలుగైదేళ్ళయి ఉంటుందంతే. ఇటువంటి ఫోటోల్లో కొన్ని ఆడుతుండగా తీసినవి కాక, కెమెరా కోసం ఆగి పట్టిన భంగిమలే అయ్యుండవచ్చు. అలా అయితే నాకింకా ఇష్టం. పరధ్యానంలో ఉండగా ఎవరో పట్టుకున్న బొమ్మ కాదది. బాగుండదన్న భంగిమలోనే నిలిచి, చేయి దించకుండా, తీయండి అనడం.

అయితే ఆమెని ఆకాశానికెత్తే తొందర నాకు లేదు. ఆమె ఎర్ల్ కూతురు. ఇంటిదగ్గరే సొంత గోల్ఫ్ మైదానం ఉంది, అన్నదమ్ములతో ఆడుతూ పెరిగింది. 'బాగుండదు' అన్నవాడూ లార్డే, ఎత్తి చూపినదీ లేడీయే. ఆ వాదం ఒక వర్గం తనలో తను చేసుకున్న వాదం. మసెల్‌బరోలో చేపలబుట్ట గెలుచుకోవలసిన మనిషికి ఇందులో వాటా లేదు.

ఇదే సమయానికి మన హైదరాబాదులో ఏం జరుగుతోందో కూడా గుర్తు తెచ్చుకోవాలి. 1892లో రాజా దీన్‌దయాళ్ ఇక్కడ జనానా స్టూడియో తెరిచాడు. ఎత్తైన గోడల మధ్య, పరదా పాటించే స్త్రీల కోసం, మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఫోటోగ్రాఫరు ఆధ్వర్యంలో. పరాయి మగవాడి కంట పడకుండా ఫోటో దిగే వీలు అది. అక్కడ ఆరుబయట, అందరి ముందు, కానీ చేయి లేపితే తప్పు. ఇక్కడ గోడలోపల, చూసేది మరో స్త్రీ, కానీ ఆ బొమ్మ ఇంటిగోడ దాటకూడదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ స్వేచ్ఛ అని తూకం వేయడం తేలిక పని, నాకది అంత ఉపయోగంగా తోచదు. రెండుచోట్లా ఆడవాళ్ళ పని మొదలైంది మాత్రం ఒకే ప్రశ్నతో: నన్ను ఎవరు చూస్తారు, ఎలా ఉండగా చూస్తారు?

ఆ ప్రశ్న గోల్ఫ్ మైదానాన్ని వదల్లేదు. 1933లో ఇంగ్లీషు మహిళల ఛాంపియన్‌షిప్‌కి గ్లోరియా మినోప్రియో పాంటు వేసుకుని, ఒకే ఒక కర్రతో వచ్చింది. పత్రికల కెమెరాలన్నీ ఆమె వెంటే. తన ఆట కంటే తన కాళ్ళు ఎక్కువ అచ్చయ్యాయి. సంప్రదాయ దుస్తులు వదిలినందుకు లేడీస్ గోల్ఫ్ యూనియన్ విచారం వెలిబుచ్చింది. వద్దన్నా వినకుండా పుట్టిన సంఘం నలభై ఏళ్ళకి తనే వద్దనడం నేర్చుకుంది. 2017లో అమెరికా మహిళా ప్రొఫెషనల్ సంఘం ఎల్‌పిజిఎ మెడ ఎంత దిగవచ్చో, స్కర్టు ఎంత పొట్టిగా ఉండవచ్చో చెబుతూ నిబంధనలు పెట్టి, తప్పితే వెయ్యి డాలర్ల జరిమానా అంది. 1890లో బట్టలు ఎక్కువై చేయి లేపకూడదు, 2017లో తక్కువై వంగకూడదు. మా ఆటల టీచరు ఈ మధ్యలో ఎక్కడో ఉంది.

సెయింట్ ఆండ్రూస్‌లో రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు 1754లో పుట్టింది. ఓల్డ్ కోర్స్ మీద ఆడవాళ్ళ ప్రొఫెషనల్ పోటీ మొదటిసారి జరిగింది 2007లో, గెలిచింది మెక్సికోకి చెందిన లొరెనా ఒచోవా. స్త్రీలని సభ్యులుగా చేర్చుకోవాలని క్లబ్బు ఓటు వేసింది 2014 సెప్టెంబరులో. 260 ఏళ్ళు. అమెరికాలో ఆగస్టా క్లబ్బు 2012లో చేర్చుకుంది. పోటీ జరిగే రోజుల్లో ప్రేక్షకుల చేతికి కెమెరా ఇవ్వని క్లబ్బు కూడా అదే. ఎవరు లోపలికి రావాలో, ఎవరు బొమ్మ తీయాలో ఒకే చేయి నిర్ణయించడం నాకు కాకతాళీయంగా అనిపించదు.

ఈమధ్య కాలపు గోల్ఫ్ ఫోటోల్లో నేను దాచుకున్నవి టోక్యో ఒలింపిక్స్ నాటివి, 2021వి. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. పతకం కొద్దిలో పోయిందని ఆ రోజు మనమంతా బాధపడ్డాం. నేను మాత్రం ఆమె పక్కనున్న మనిషినే చూస్తుండిపోయాను. కేడీగా కర్రలసంచి మోసింది ఆమె తల్లి. ఎండలో, టోపీ పెట్టుకుని, కూతురి బరువు భుజాన వేసుకుని నడిచిన తల్లి. కెమెరా ఆమెని ఆపకుండా చూపించింది, పేరుతో సహా చెప్పింది. బుట్ట మోసిన వాళ్ళలో పేరు దక్కించుకున్నవాళ్ళు ఎంతమంది?

హైదరాబాదులో ఒక గోల్ఫ్ మైదానానికి ఒకసారి అతిథిగా వెళ్ళాను. పొద్దున్నే పదిమంది దాకా ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూర్చుని గడ్డిలో కలుపు తీస్తున్నారు. కొంగు తలమీదుగా కట్టుకున్నారు. బంతి వస్తుంటే ఎవరో అరిచేవారు, వాళ్ళు చేతులతో తల కాచుకునేవారు. ఆ మైదానంలో ఆ గంటలో చేతులు పైకెత్తిన ఆడవాళ్ళు వాళ్ళే. ఆరోజు నా చేతిలో ఫోన్ ఉంది. చెట్లని తీశాను, చెరువుని తీశాను. వాళ్ళని అడిగి తీయడానికి మొహమాటపడ్డాను, అడక్కుండా తీయడానికి మనసొప్పలేదు. ఈ రెండు కారణాలూ నిజమే. పేర్లైనా అడగలేదన్నది కూడా నిజమే, దానికి మాత్రం కారణం లేదు.

సెయింట్ ఆండ్రూస్‌లో ఆ మర్నాడు ఆదివారం. ఆదివారాలు ఓల్డ్ కోర్స్ మీద ఆట ఉండదు. ఊళ్ళోవాళ్ళు కుక్కల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని దానిమీద నడుస్తారు. 18వ హోల్‌కి వెళ్ళేదారిలో వాగుమీద స్విల్కన్ బ్రిడ్జి అని చిన్న రాతివంతెన ఉంది. మిగతా రోజుల్లో ఎంతటి ఆటగాడైనా ఆట ఆపి దానిమీద నిలబడి ఫోటో తీయించుకుంటాడట. 40 సెకన్ల మాట అక్కడ ఎవరూ ఎత్తరు. ఆదివారం మాలాంటి వాళ్ళ వంతు. వరసలో నిలబడ్డాం.

మా వంతు వచ్చింది. కర్ర లేదు. చేతిలో గొడుగుంది. దాన్నే రెండు చేతులా పట్టుకుని, నడుము తిప్పి, చీర కొంగు గాలికి ఎటు పోతే అటు పోనిచ్చి, లేడీ మార్గరెట్ ఎంత ఎత్తిందో అంతా ఎత్తాను. స్నేహితురాలు నవ్వుతూ నొక్కింది. వచ్చి ఫోన్ చూపించింది. వంతెన మొత్తం పడింది, వాగు పడింది, వెనక క్లబ్బు భవనం కూడా పడింది. నేను భుజాల దాకా పడ్డాను. చేతులు ఫోటోలో లేవు.

"అయ్యో, ఉండు, ఇంకోటి తీస్తా" అంది.

మా వెనక వరసలో ఎనిమిదిమంది ఉన్నారు. ఉన్నాను.